ఒకే బ్రౌజరు, పలు కూర్పులు: మన కర్తవ్యము

(షోలాపురమున జరిగిన మన సంఘ వార్షిక సభలో నూలు వర్తకులును, కార్యవర్గ సభ్యులును అగు ఒకరు చేసిన ప్రసంగ పాఠము)



నాకు ముందు మాటలాడిన పెద్దలు మన భాషను గూర్చియు, మన పిల్లల చదువును గూర్చియు గొప్ప విషయములు సెలవిచ్చిరి. నాకు నియమించిన విషయము చూచుటకు మిక్కిలి చిన్నది. మన సంఘపు వెబ్ పేజి ఒకే బ్రౌజరు యొక్క పాత కూర్పులలోను, క్రొత్త కూర్పులలోను సరిగా తెరచుకొనుచున్నదా లేదా అని పరీక్షించుట ఎట్లు అనునదే ఆ విషయము. నేను మెట్రిక్యులేషను వరకే చదివినవాడను. నూలు లావు సన్నములు వేలి కొసలతో చెప్పగలను గాని కంప్యూటరు శాస్త్రము నేర్చినవాడను గాను. అయినను ఈ యొక్క సంవత్సరములో కష్టపడి తెలిసికొన్నదానిని మీ ముందుంచవలసిన బాధ్యత నామీద నున్నది. ఏలయన, జరిగిన పొరపాటులో నాకును పాలు గలదు.

ఆ పొరపాటును మొదట చెప్పెదను. నిరుడు విద్యార్థి వేతనముల దరఖాస్తులను కాగితముపై తీసికొనుట మానివేసి, వెబ్ పేజి ద్వారా మాత్రమే తీసికొనవలెనని కార్యవర్గములో ప్రతిపాదించినవాడను నేనే. కాగితములు తగ్గును, లెక్క సులభమగును, ఎవరును మొగమాటము పెట్టరు అని వాదించితిని. మన కుర్రవాడొకడు ఉచితముగా ఆ పేజీని తయారు చేసి యిచ్చెను. నా ఫోనులో చూచితిని, బాగుగ నున్నది. కార్యదర్శిగారి ఫోనులో చూచితిమి, బాగుగ నున్నది. అందరికిని అట్లే యుండునని నిశ్చయించుకొంటిమి.

గడువు ముగిసిన మరునాడు ఒక అవ్వ నా దుకాణమునకు వచ్చినది. బీడీలు చుట్టి మనుమరాలిని చదివించుకొనుచున్న మనిషి. మెట్టు మీదనే నిలిచి, “బిడ్డా, మా పోరి పేరు మీ పట్టీల లేదంట. ఫోన్ల ఎన్నిసార్లు నొక్కినా కదలలే. మేం మీకు కానోళ్లమైతిమా?” అని అడిగినది. నేను ఏదో సర్దిచెప్పి పంపితిని. ఆ సాయంకాలము ఆ పిల్ల ఫోను తెప్పించి చూచితిమి. దరఖాస్తు అంతయు నిండుచున్నది, కాని చివరి బటను నొక్కిన ఏమియు జరుగుట లేదు. తప్పు అని గాని, ఒప్పు అని గాని ఒక్క మాటయు తెరమీద లేదు. అప్పటికే ఆ యేటి సొమ్ము పంచుట నిర్ణయమై పోయినది. ఆ అవ్వ వడ్డీకి తెచ్చి మనుమరాలి రుసుము కట్టినది. ఆ వడ్డీ నా తల మీద నున్నట్లు నాకు నేటికిని తోచుచున్నది.

పేజి వ్రాసిన కుర్రవాడు ఆ ఫోను చూచి నివ్వెరపోయెను. ఆ పిల్ల ఫోనులోని బ్రౌజరు, నా ఫోనులోని బ్రౌజరు ఒకటే. పేరొకటే, గుర్తు ఒకటే. భేదము కూర్పులో మాత్రమే యున్నది. నాది ఆ నెల వచ్చిన కూర్పు, ఆమెది కొన్ని సంవత్సరముల నాటి కూర్పు.

ఈ భేదము మన వృత్తిలోని వారికి నేను ఎక్కువగా వివరింప నక్కరలేదు. ఒకే మిల్లు, ఒకే నెంబరు నూలు, కాని రెండు లాట్లు. బేళ్ల మీద చీటీ ఒక్క రీతిగనే యుండును. రెండు లాట్లను కలిపి నేసి రంగు వేసినచో అప్పుడు గదా దుప్పటి మీద చార తేలును! చీటీ చూచి మోసపోయిన వ్యాపారి మిల్లును నిందించి లాభము లేదు. నేతకు ముందు రెండు లాట్ల నుండియు చిలప తీసి రంగులో ముంచి చూడవలసినది. వెబ్ పేజి విషయమున మేము చేయని పని అదియే.

ఇక బ్రౌజరు చేయు పనిని కొంచెము చెప్పెదను. వెబ్ పేజి యనగా దూరమున నున్న యంత్రము పంపు వ్రాత. అందులో మూడు భాగములుండును. విషయము ఏమి అని చెప్పునది ఒకటి, దానిని హెచ్.టి.ఎం.ఎల్. అందురు. అది ఏ రంగులో, ఏ వరుసలో కనబడవలెనో చెప్పునది రెండవది, అది సి.ఎస్.ఎస్. నొక్కినప్పుడు ఏమి జరుగవలెనో చెప్పునది మూడవది, అది జావాస్క్రిప్టు. ఈ మూడింటిని చదివి తెర మీద చూపునదే బ్రౌజరు. ప్రతి క్రొత్త కూర్పుతోను బ్రౌజరు కొన్ని క్రొత్త మాటలు నేర్చుకొనును. పాత కూర్పునకు ఆ మాటలు తెలియవు.

తెలియని మాట వచ్చినప్పుడు పాత కూర్పు ఏమి చేయుననునది ముఖ్యము. మొదటి రెండు భాగములలో తెలియని మాట కనబడినచో దానిని విడిచి, తక్కినది చదువుకొని పోవును. ఉదాహరణమునకు, వరుసగా పేర్చిన పెట్టెల నడుమ ఎడము ఉంచుటకు “గ్యాప్” అను మాట కలదు. ఒక విధమైన పేర్పునందు ఆ మాటను సఫారి 14.0 ఎరుగదు, 2021 ఏప్రిలులో వచ్చిన 14.1 ఎరుగును. పాతదానిలో పెట్టెలు ఒకదాని నొకటి ఒరసికొని కనబడును. చూచుటకు బాగుండదు గాని పని ఆగదు. మూడవ భాగము అట్టిది కాదు. అందులో ఒక్క క్రొత్త గుర్తు అర్థము కాకున్నను, ఆ పత్రమంతటిని బ్రౌజరు త్రోసివేయును. 2020 తొలి నెలలలో బ్రౌజరులలోనికి వచ్చిన ఒక గుర్తు కలదు: ప్రశ్నార్థకము, దాని ప్రక్కన చుక్క. వ్రాయువారికి మిక్కిలి సౌకర్యమైనది. మన దరఖాస్తులో అది ఒకే ఒక్క చోట నుండెను. ఆ పిల్ల ఫోను అంతకు పూర్వపు కూర్పు గనుక ఆ పత్రమునంతటిని విడిచిపెట్టెను. బటను బొమ్మగా మిగిలెను. ఒక్క గుర్తు ఒక పిల్ల చదువునకు అడ్డు వచ్చినది.

ఇది మనకు మాత్రమే వచ్చిన చిక్కు కాదు, దీనికి పెద్ద చరిత్ర కలదు. ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్ అను బ్రౌజరు మీలో చాలమందికి జ్ఞాపక ముండును. దాని 6వ కూర్పు 2001లో వచ్చినది, 7వది 2006 వరకు రాలేదు. ఈ అయిదేండ్లలో లోకములోని కార్యాలయములన్నియు 6వ దానికి అలవాటు పడెను. వెనుక భాగము పారదర్శకముగ నుండు పి.ఎన్.జి. చిత్రములను 6వ కూర్పు సరిగా చూపలేదు, 7వది చూపెను. 2009లో 8వది వచ్చినది. ఒక విండోసు యంత్రములో ఈ బ్రౌజరు ఒక్క కూర్పే ఇముడును గనుక, 6, 7, 8 కూర్పులలో పేజీని పరీక్షింప దలచినవాడు మూడు కంప్యూటరులను ఎదుట పెట్టుకొనవలసిన వాడాయెను. కొందరు ఏవో ఉపాయములతో పాత కూర్పులను ప్రక్కప్రక్కన నిలిపి చూచిరి గాని అవి అసలు వానివలె ప్రవర్తింపక తప్పుదారి పట్టించుచుండెడివి. 8వ కూర్పునందు, తాను 7వ దానివలె నటించు ఏర్పాటొకటి పెట్టిరి. నటన నటనయే గాని అసలు కాదు. కడకు మైక్రోసాఫ్టు వారే ఒక యంత్రములో మరియొక యంత్రమును ఊహించి నడుపు పద్ధతిలో, పాత విండోసును పాత బ్రౌజరుతో సహా పరీక్షకులకు ఉచితముగ నిచ్చిరి. 2022 జూను 15వ తేదీతో ఆ బ్రౌజరునకు సెలవిచ్చిరి. బ్రౌజరు పోయినను అది నేర్పిన పాఠము పోలేదు: పాత కూర్పును ఎరుగవలెనన్న పాత కూర్పులోనే చూడవలెను.

“ఇప్పుడు బ్రౌజరులు తమంతట తామే క్రొత్తవగుచున్నవి గదా, ఇంకను పాత కూర్పు లెక్కడ?” అని కొందరు సోదరులు నన్నడిగిరి. ప్రశ్న న్యాయమైనదే. 2011 జూనులో ఫైర్‌ఫాక్స్ 5 వచ్చినది మొదలు కూర్పులు వేగముగ వచ్చు పద్ధతి ఏర్పడినది. క్రోమ్ 2021 సెప్టెంబరులో నాలుగు వారములకొక కూర్పు విడుదల చేయు పద్ధతిని చేపట్టెను. కాని యంత్రము పాతదైనచో బ్రౌజరు ఒకచోట ఆగిపోవును. విండోస్ 7 ఉన్న కంప్యూటరులో క్రోమ్ 109 దాటి రాదు. ఆండ్రాయిడ్ 7 ఉన్న ఫోనులో 119 దాటి రాదు. ఐఫోను 6 కొన్నవారికి యంత్రపు వ్యవస్థయే 12వ కూర్పు వద్ద ఆగినది గనుక సఫారియు అక్కడనే ఆగినది. ఇవి గాక, ఫోనులో చోటు చాలక, డేటా ఖర్చునకు వెరచి, క్రొత్త కూర్పును దించుకొనని ఇండ్లు మన పేటలలో ఎన్ని యున్నవో మీకు తెలియును. అన్నలు వాడి విడిచిన ఫోను తమ్ములకు, తమ్ములు విడిచినది అవ్వలకు వచ్చుట మన యిండ్లలో ఆచారము. కావున సాయము ఎవరికి ఎక్కువగ కావలెనో వారి చేతిలోనే పాత కూర్పు ఉండును. ఈ మాటను మీరు మనసులో ఉంచుకొన ప్రార్థన.

తెలుగువారమైన మనకు మరియొక చిక్కు కలదు. ఇంగ్లీషు అక్షరములు ఒకదాని ప్రక్క నొకటి నిలుచును. మన అక్షరములకు తలకట్టులు, గుడులు, వత్తులు గలవు, వానిని కూర్చుటకు యంత్రమునకు ప్రత్యేక జ్ఞానము కావలెను. యూనికోడు తెలుగునకు 1991లోనే చోటిచ్చినను, యంత్రములు దానిని సరిగా చూపుటకు చాలకాలము పట్టినది. 2001లో వచ్చిన విండోస్ ఎక్స్.పి.లో గౌతమి అను తెలుగు అక్షరరూపము ఉండెను గాని, మిశ్రలిపుల సదుపాయమును విడిగా అమర్చుకొననిచో వత్తులు విడివడి, గుడులు తప్పి కనబడెడివి. ఆ కాలమున కొందరు తమ సొంత అక్షరరూపములతో పేజీలు వ్రాసిరి, ఆ అక్షరరూపము లేనివారికి అవి అర్థము లేని గుర్తులుగ కనబడెడివి.

పాతదే ఎప్పుడును తప్పు, క్రొత్తదే ఎప్పుడును ఒప్పు అనుకొనుటయు పొరపాటు. 2018 ఫిబ్రవరిలో ఐఫోనులలో జరిగినది మీరు పత్రికలలో చదివియుందురు. జ్ఞానము అను మాటలోని మొదటి అక్షరము, నడుమ కంటికి కనబడని ఒక గుర్తుతో కూడి సందేశముగ వచ్చినచో, అప్పటి 11వ కూర్పు వ్యవస్థ గల ఫోనులలో దానిని చూపబోయిన కార్యక్రమములు కుప్పకూలెడివి. ఆ నెలలోనే 11.2.6 అను కూర్పుతో దానిని సరిదిద్దిరి. మన అక్షర మొకటి ప్రపంచమంతట వార్తకెక్కినది, కాని ఏమి లాభము? తెలుగును ముందుగా పరీక్షించి చూచినవారు లేకపోయిరని తేలినది. మన పేజీని మనము గాక మనకొరకు మరెవ్వరు పరీక్షింతురు?

ఇక పరీక్షా విధానము. మొదటి సూత్రము: బ్రౌజరును నీ కూర్పు సంఖ్య యెంత అని అడుగరాదు, ఈ పని నీకు తెలియునా అని అడుగవలెను. సంఖ్య నడిగినవారు ఎట్లు మోసపోయిరో వినుడు. 2009లో ఓపెరా అను బ్రౌజరు 10వ కూర్పునకు వచ్చినప్పుడు, అనేక పేజీలు మొదటి అంకెను మాత్రమే చదివి దానిని 1వ కూర్పుగ నెంచు ప్రమాదము తేలినది. పాపము, ఆ బ్రౌజరు తనను 9.80 అని చెప్పుకొని, అసలు సంఖ్యను చివర వేరుగ వ్రాసికొనవలసి వచ్చినది. 2022లో క్రోమ్, ఫైర్‌ఫాక్స్ రెండును 100కు చేరినప్పుడు మరల అదే భయము, రెండంకెలే చదువు పేజీలు 100ను 10గా నెంచునేమో యని. ఈ మారు ముందుగనే పరీక్షలు జరిపిరి గనుక గండము గడిచినది. బేరము చేయుటకు వచ్చినవాని వయసడుగుట కంటె, త్రాసు చూపి తూకము తెలియునా యని అడుగుట మేలు. సి.ఎస్.ఎస్. లోను, జావాస్క్రిప్టులోను అట్లడుగుటకు మార్గములు గలవని మన కుర్రవాడు నాకు చూపెను.

రెండవ సూత్రము: పేజి అడుగుభాగము మోటుగ నున్నను గట్టిగ నుండవలెను. దరఖాస్తు నింపి పంపుట అను పని జావాస్క్రిప్టు లేకున్నను హెచ్.టి.ఎం.ఎల్. ఒక్కటే చేయగలదు. నిరుడు మేము సొగసు కొరకు ఆ పనిని జావాస్క్రిప్టుకు అప్పగించితిమి. ఈ యేడు దానిని మార్చితిమి. సొగసు తెలిసిన బ్రౌజరునకు సొగసు, తెలియనిదానికి సాదా ఫారము. సాదా దుప్పటియు చలి కాచును గదా.

మూడవది: పలు కూర్పులను దగ్గర నుంచుకొనుట. ఫైర్‌ఫాక్స్ వారు తమ పాత కూర్పులను తీసికొనుటకు వీలుగ భద్రపరచి యుంచినారు. ఒక్కొక్క కూర్పును వేరు వేరు సంచయములలో ఉంచి, ఒక్కొక్క దానికి వేరు ప్రొఫైలు, అనగా వేరు ఖాతా పుస్తకము, ఏర్పరచవలెను. ఒక పుస్తకములోనే రెండు కూర్పులు లెక్కలు వ్రాసినచో లెక్కలు చెడును. 2019లో వచ్చిన 67వ కూర్పు నుండి ఈ వేరు పుస్తకము దానంతట అదే ఏర్పడుచున్నది. తనంతట తాను క్రొత్తదగు ఏర్పాటును మాత్రము ఆపుట మరువరాదు, ఆపనిచో ఉదయము పాతదిగ నున్నది సాయంకాలమునకు క్రొత్తదై పరీక్ష వ్యర్థమగును. క్రోమ్ వారు 2023లో పరీక్షల కొరకే, తనంతట తాను మారని ప్రత్యేకపు కూర్పులను ఇచ్చుటకు ఆరంభించిరి. రాబోవు కూర్పు ఎట్లుండునో చూచుటకు ఇరువురును బీటా అను ముందు నమూనాను ఇచ్చుచున్నారు.

ఇచ్చట ఒక హెచ్చరిక. పాత కూర్పులలో దొంగలు దూరు కన్నములు మూయబడి యుండవు. వానిని పరీక్షకే వాడవలెను. వానితో బ్యాంకు లెక్కలు చూచుకొనుట, రహస్య సంఖ్యలు వ్రాయుట ఎన్నడును కూడదు.

నాలుగవది, నాకు అన్నిటికంటె ముఖ్యముగ తోచినది: నిజమైన ఫోనులు. కంప్యూటరులో నటించు ఫోను వేలి స్పర్శను, చిన్న తెరను, మందగమనమును చక్కగ చూపలేదు. అందుచేత నేను మా వీధిలో ఇంటింటికి పోయి పాత ఫోనులు అడిగితిని. పలుగు తీసిన అద్దముతో ఒకటి, బ్యాటరీ ఉబ్బుటచే పనికిరాదని విడిచినది ఒకటి, ఇట్లు పలువురు ఇచ్చిరి. ఉబ్బిన బ్యాటరీ ప్రమాదము గనుక దానిని వదలి, తక్కిన వానిని సంఘ కార్యాలయములో ఒక పెట్టెలో ఉంచితిమి. ఒక చిట్టా పుస్తకము పెట్టితిమి. అందులో ఫోను పేరు, వ్యవస్థ కూర్పు, బ్రౌజరు కూర్పు అను మూడు గడులు ఒక ప్రక్కను. పేజి తెరచుకొన్నదా, వత్తులు గుడులు సరిగా నున్నవా, ఫారము నిండినదా, ఫొటో ఎక్కినదా, రసీదు సంఖ్య వచ్చినదా అను అయిదు గడులు మరియొక ప్రక్కను. పేజీలో ఏ మార్పు చేసినను, ఆ ఆదివారము నలుగురు పిల్లలు కూర్చుండి అయిదు గడులను నింపుదురు. లోకములోని అన్ని కూర్పులను చూచుట మనవల్ల కాదు. మనవారి చేతులలో నున్న వానిలో అన్నిటికంటె పాతది, ఎక్కువమంది వాడునది, అప్పుడే వచ్చినది, ఈ మూడింటిని చూచిన చాలవరకు పని జరుగును.

ఈ పని మొదలిడినప్పుడు ఒక మిత్రుడు నాతో, “ఇంత శ్రమ ఏల? పాత ఫోనువారిని క్రొత్తది కొనుక్కొమ్మనరాదా, లేదా పొరుగువారి ఫోను అడుగుమనరాదా?” అనెను. నేను ఆయనకు చెప్పినది మీకును మనవి చేయుదును. మన పూర్వులు మగ్గములతో ఈ ఊరికి వచ్చి తరములు గడచినవి. మరాఠీ మనకు అన్నము పెట్టిన భాష, దానిని మనము గౌరవింతుము. అయినను ప్రాథమిక విద్య మాతృభాషలో పొందు సదుపాయము కలిగింపవలెనని 1956లో రాజ్యాంగమున చేర్చిన 350ఎ అధికరణమును చూపి మనము ప్రభుత్వమును అడుగుచున్నాము. అల్పసంఖ్యాకులమైనను మమ్ము విడువకుడు, మీ ఏర్పాటులో మాకును చోటుంచుడు అని గదా మన కోరిక! అట్టి మనము, మన వారిలోనే పాత ఫోను గల అల్పసంఖ్యాకుని, నీవు మారి రమ్ము అని తలుపు మూసినచో, మన మహజరులకు ఏమి విలువ యుండును?

కావున నేను రెండు ప్రతిపాదనలు చేయుచున్నాను. మొదటిది, సంఘపు పేజీలో చేయు ప్రతి మార్పును చిట్టా ప్రకారము పరీక్షించిన పిమ్మటనే ప్రకటింపవలెను. రెండవది, కాగితపు దరఖాస్తును మరల ప్రవేశపెట్టవలెను. దానిని మాన్పించినవాడను నేను గనుక, తిరిగి పెట్టుమని అడుగవలసినవాడను నేనే. యంత్రము తప్పినప్పుడు మనిషి చేతికి ఒక కాగితముండవలెను. దరఖాస్తు చేరనివారు గడువునకు ముందుగ అడుగుటకు మన కార్యాలయపు ఫోను సంఖ్యను ఆ పేజి మొదటనే వేయవలెనని కూడ కోరుచున్నాను.

పోయిన నెల ఈ యేటి దరఖాస్తులు తెరచితిమి. మొదటి దినమున నేనే ఆ అవ్వ యింటికి పోతిని. “అవ్వా, నిరుడు జరిగిన తప్పు మాది, మీది కాదు” అని చెప్పి, అదే పాత ఫోనులో ఆ పిల్లచేత నింపించితిని. వత్తులు సరిగా నున్నవి. పిల్ల బటను నొక్కినది. క్షణకాలము ఏమియు జరుగలేదు, నా గుండె దడదడ కొట్టుకొన్నది. అటుపిమ్మట రసీదు సంఖ్య వచ్చినది. అవ్వ దానిని చదువలేదు గాని, మనుమరాలి ముఖము చూచి తెలిసికొన్నది. నిరుటి వడ్డీని నేను ఇచ్చెదనన్న ఆమె పుచ్చుకొనలేదు. “ఇంకెవరి పోరికి ఇట్ల కాకుంట చూడు బిడ్డా” అని మాత్రము అన్నది. ఆ మాటనే మీకు అప్పగించి సెలవు తీసికొనుచున్నాను.